లంగరెత్తమన్నది ఎవరు?

బడిలో పిల్లలు ఆమెను పెద్ద టీచరు అనేవాళ్లు. తోడికోడలు అదే బడిలో చేరేదాకా ఆమె ఒట్టి టీచరే. చిన్న టీచరు ఒకావిడ వచ్చింది కాబట్టి ఈవిడ పెద్దదైపోయింది. ఆ మాట మర్యాదకు అంటున్నారో, వయసుకు అంటున్నారో ఆమెకు ఎప్పుడూ తేలలేదు.

ముసలి యుద్ధనౌక మీద రాసిన దేశభక్తి గేయమొకటి ఏళ్ల తరబడి ఆమె సొంత ఆస్తిలా ఉండేది. యుద్ధం ముగిసి, ఒంటినిండా చిల్లులతో ఓడ రేవుకు చేరుతుంది. జనం జేజేలు కొడతారు. చివర్లో "ఇంకొక్కసారి లంగరెత్తండి" అని ఒక పిలుపు వినిపిస్తుంది. గేయం అక్కడితో ఆగిపోతుంది. ఆ పిలుపు ఓడదేనని, ఒళ్లు తూట్లు పడినా దేశం కోసం మళ్లీ పోరుకు సిద్ధమంటోందని ఆమె గొంతు పెంచి, బల్ల చరిచి చెప్పేది. వెనక బెంచీలో కునికేవాడు కూడా ఉలిక్కిపడి వీరుడైపోయేవాడు. పెళ్లయి పిల్లలు పుట్టినవాళ్లు సైతం బజార్లో కనబడితే ఆ పాఠమే తలుచుకునేవాళ్లు.

చిన్న టీచరు చేరిన ఏడు, ఆ గేయమున్న తరగతిని ఆవిడకు ఇచ్చారు. రెండు గదులకూ మధ్య పల్చటి చెక్క గోడే అడ్డం. పెద్ద టీచరు తన పిల్లలకు రాతపని పెట్టి, చెవి అటు వేసింది.

చిన్న టీచరు బల్ల చరచలేదు. లంగరెత్తమన్నది ఎవరని మాత్రం అడిగింది. ఓడ అన్నారు కొందరు, కెప్టెన్ అన్నాడొకడు.

"అందరూ దిగిపోయాక, కొడుకు దిగలేదని రేవులోనే నిలబడిపోయిన తల్లి ఏమంటుంది?" అంది ఆమె.

ఒక పిల్ల సన్నగా, "మళ్లీ వెళ్లి మావాణ్ణి తీసుకురండి అంటుంది" అంది.

పెద్ద టీచరుకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. తప్పు చెప్పి ఉంటే దిద్ది ఊరుకునేది. అది తప్పు కాదు, అదే ఆమె బాధ. ఇన్నేళ్లు తన నోట్లో నానిన గేయపాదం, నిన్నగాక మొన్న వచ్చినదాని ముందు మనసు విప్పింది. ఇంట్లో అత్తగారు చిన్నకోడలి వంటను మెచ్చుకున్నా నవ్వి ఊరుకునే మనిషి, ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. గిన్నెలు ఏం పాపం చేశాయమ్మా అని అత్తగారు అడిగితే, జారాయంది.

అంతలో రేవులోని పాత యుద్ధనౌకను మ్యూజియం చేసి, జనానికి తెరిచే రోజు వచ్చింది. ఓడ మీదే సభ. ఈ గేయం చదివి నాలుగు మాటలు చెప్పడానికి ఒక టీచరును పంపమన్నారు. హెడ్మాస్టరు చిన్న టీచరును పంపుతానన్నారు. పెద్ద టీచరు అందరి ముందూ చాలా సంతోషమంది. మధ్యాహ్నం గంట కొట్టాక ఆయన గదికి వెళ్లి, వచ్చేవాళ్లంతా యుద్ధం చేసినవాళ్లనీ, వీరగేయాన్ని ఏడుపు పాట చేస్తే వాళ్ల మనసు నొచ్చుకుంటుందనీ, తనకేదో పట్టనట్టే చెప్పింది. ఆయన మామూలుగానే పిరికి మనిషి. మర్నాటికల్లా పేరు మారింది.

సభ రోజున చిన్న టీచరూ బయల్దేరింది. పెద్దావిడ బట్టలు కూడా ఇస్త్రీ చేసిపెట్టింది. ఆ మంచితనం చూస్తే మరీ ఒళ్లు మండింది.

పెద్ద టీచరు గేయం చదివింది. ఓడ ధైర్యం గురించి మొదలుపెట్టింది. ముందు వరసలో ముసలి నావికులు మర్యాదగా వింటున్నారు, ఇలాంటివి చాలా విన్నవాళ్లలాగే. ఆ వరస చివర, ఎవరి పక్కనా కాకుండా, నావికుడి బట్టల్లో ఉన్న కుర్రాడి ఫొటో ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. పెద్ద టీచరు గొంతు తగ్గింది. ఓడ మాట అక్కడే వదిలేసి, రేవులో నిలబడిపోయిన తల్లి గురించి చెప్పింది. దేశమంటే జేజేలు కొట్టడమే కాదనీ, రానివాడి కోసం మళ్లీ లంగరెత్తడం కూడాననీ చెప్పింది. ఒక ముసలి నావికుడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చప్పట్లు ఆలస్యంగా మొదలై చాలాసేపు మోగాయి. అనుభవమంటే ఇదీ అని హెడ్మాస్టరు మురిసిపోయారు. ఆ మాటలు ఎవరివో చెప్పకుండానే ఆమె ఓడ దిగింది.

తిరుగు బస్సులో తోడికోడళ్లిద్దరూ ఒకే సీట్లో పడ్డారు.

"హెడ్మాస్టరు గదికి వెళ్లింది నువ్వేనని నాకు తెలుసక్కా," అంది చిన్నది, కిటికీలోంచి బయటికి చూస్తూనే. "ఆయన కడుపులో మాట ఆగుతుందా?"

"మరి ఇస్త్రీ ఎందుకు చేశావు?"

"కాల్చేద్దామనే మొదలుపెట్టాను. చెయ్యి రాలేదు."

పెద్దావిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివర్లో తను చెప్పిందంతా నీదేనంది.

"నాదే. అక్కడే నిలబడి నాది నాకిమ్మని అరుద్దామనిపించింది. కానీ నేను చెబితే ఆ ముసలాయన టోపీ తీసేవాడు కాదు. నాకు నీ గొంతు లేదు. అదే ఇంకా మండుతోంది."

తనను చూసి కుళ్లుకునే మనిషి కూడా ఒకరుంటారని పెద్ద టీచరు ఏనాడూ అనుకోలేదు. సిగ్గుపడాల్సిన చోట ఆమెకు కాస్త హాయిగా అనిపించింది. సిగ్గు బస్సు దిగాక వచ్చింది. మర్నాడు హెడ్మాస్టరు గదికి మళ్లీ వెళ్లి, ఆ మాటలు ఎవరివో చెప్పి వచ్చింది.

మరుసటి ఏడు ఆ తరగతి తిరిగి ఆమెకే ఇచ్చారు. ఓడ మాట చెప్పింది, తల్లి మాట చెప్పింది, ఆ రెండోది చిన్న టీచరు చెప్పిందనీ చెప్పింది. ఆ పేరు మాత్రం బోర్డు వైపు తిరిగి చెప్పింది. పిల్లలంతా రెండోదే బాగుందన్నారు. ఆమె వాళ్లను కూర్చోమని, తర్వాతి పాఠం తీయమంది.