మగ్గబెట్టిన వైన్

రేవతి దాచుకున్న రెండు వైన్ సీసాలను ఆమె అన్న గోపాలకృష్ణ మే నెలలో మామిడికాయలతో పాటు గడ్డిలో పెట్టి మగ్గబెట్టాడు. అది తప్పని అతనికి ఇప్పటికీ అనిపించలేదు. తమ్ముడు తరుణ్‌కి ఒళ్ళు మండేది అక్కడే.

రేవతి కెనడాలో ఒక వైనరీలో నాలుగేళ్ళు పనిచేసింది. గడ్డకట్టే చలికి ఓర్చే అడవి ద్రాక్షనూ ఫ్రెంచి ద్రాక్షనూ కలిపి పుట్టించిన హైబ్రిడ్ రకంతో, పండు కోయడం నుంచి బిరడా బిగించడం దాకా తన చేతులతో చేసిన ఎర్ర వైన్ అది. వీసా అయిపోయి నూజివీడు వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆస్తి అంతే. దేవుడి గది ఉన్న ఇంట్లో ఆ సీసాలేంటని తల్లి పుష్పావతి గోల చేస్తే, అన్న నడిపే మామిడికాయల మండీ వెనక ఎండ సోకని గదిలో పెట్టింది. "వేడి తగిలితే ఉడికిపోతుందిరా, జాగ్రత్త" అని తరుణ్‌కొక్కడికే చెప్పి, ఉద్యోగం వెతుక్కోవడానికి హైదరాబాద్ వెళ్ళింది.

కాయలు దిగాయి. ఆ గది కావాల్సొచ్చింది.

"పుల్లగా ఉంటుందందిగా, మగ్గితే తియ్యబడుద్ది. గడ్డిలో పెట్టరా" అన్నాడు గోపాలకృష్ణ.

తరుణ్ పెట్టాడు. అన్న మాటకి ఎదురుచెప్పే నోరు ఆ ఇంట్లో ఎవరికుంది గనక! సీజనయ్యాక సీసాలు మళ్ళీ పాత చోటికి చేరాయి.

హైదరాబాద్‌లో పని దొరక్క రేవతి ఇంటికొచ్చేసింది. డిసెంబరులో విజయవాడ నుంచి కృష్ణకాంత్ అనే హోటలాయన ఆమెకి కబురు పెట్టాడు. కొత్త రెస్టారెంట్, క్రిస్మస్ విందు, వైన్లు చూసుకునే మనిషి కావాలి. "మీరు చేసింది తెండి, రుచి చూద్దాం" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ తోడెళ్ళారు. కోడి రోస్టులో కొవ్వుకి ఈ పులుపు ఎలా విరుగుడో చెబుతూ రేవతి బిరడా తీసింది. గ్లాసులోంచి మాడిన జామ్ వాసన. రెండో సీసా కూడా అంతే.

"ఎక్కడ పెట్టావన్నయ్యా వీటిని?"

"కాయల్లోనేనమ్మా. నెల్లాళ్ళు మగ్గబెట్టాం, ఇంకేం కావాలి? హైబ్రిడ్ టమాటాకి రుచుంటుందేంటి, దీనికుండటానికి!" అని నవ్వాడు.

కృష్ణకాంత్ నవ్వలేదు. "రెండు సీసాలు కాపాడుకోలేని మనిషికి నా సరుకెలా అప్పజెప్పనండీ?" అని లేచాడు.

జనవరిలో రేవతి హైదరాబాద్ మీదుగా నాసిక్ బయల్దేరింది. ఏదో వైనరీలో సీసాలకి లేబుళ్ళు అంటించే పని దొరికింది. హనుమాన్ జంక్షన్‌లో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డంతసేపూ తరుణ్ అన్నని తిడుతూనే ఉన్నాడు. "బుర్రలేని మనిషక్కా. నీ బతుకు తగలబెట్టి టమాటా జోకులా?"

ఆమె బ్యాగు అందుకుని మెట్టెక్కింది.

"అన్నయ్యకి తెలీదురా. నీకు తెలుసు."