అంచు మడత

మా అంగడిలో కుట్టిన బడి స్కర్టుల్లోంచి నా బావమరిది అంచు మడత తీసేశాడు. చేసే ముందు నన్ను అడగలేదు, చేశాక చెప్పలేదు. బోర్డు మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

తొంభైలలో మద్రాసు తిరువొత్తియూరు రైల్వే గేటు దగ్గర మా టైలరు అంగడి. పక్క బడికి యూనిఫారాలు మేమే కుట్టేవాళ్లం. ఆ పిల్లల తల్లులు చేపలు అమ్మేవాళ్లు, ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు. అందుకే స్కర్టు కింద అరచెయ్యంత గుడ్డ లోపలికి మడిచి కుట్టడం, పక్క కుట్ల లోపల రెండు వేళ్ల గుడ్డ వదలడం నా పద్ధతి. జూన్‌లో బడి తెరిచే ముందు తల్లులు పాత స్కర్టులు తెస్తే, కొంత మడత విప్పి దించి ఇచ్చేవాణ్ణి, ఊరికే. ఎండకు వెలిసిన నీలం కింద ముదురు నీలం పట్టీ బయటపడేది. ఆ పట్టీలు చూసి ఏ పిల్ల ఏ తరగతో చెప్పగలిగేవాణ్ణి. అక్కకు చాలకపోతే చెల్లెలికి, ఆ తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డకు.

నేను బడికి పోనివాణ్ణి. కొలతలు గీసుకోవడానికి కొన్న పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. స్కర్టు పొట్టిదైందని ఆడపిల్లను బడి మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు. ఇప్పుడు బట్టల కంపెనీలే గుడ్డ వృథా చేయొద్దని బ్యానర్లు కడుతుంటే ఒళ్లు మండుతుంది.

ఒక వేసవిలో కామెర్లతో మంచం పట్టి, కత్తిరింపు బావమరిదికి వదిలాను. కత్తెర పట్టడం నా దగ్గరే నేర్చుకున్నాడు. అనుమానం ఎందుకొస్తుంది?

మరుసటి ఏడాది జూన్‌లో ఒకామె చేపల బుట్ట గుమ్మం బయట దించి, కూతురి స్కర్టు నా బల్ల మీద వేసింది.

"అన్నా, పిల్ల కొబ్బరిచెట్టు మాదిరి పెరిగిపోయింది. కొంచెం దించి ఇయ్యి."

తిరగేశాను. మడత లేదు. వేలి వెడల్పు కూడా మిగల్చకుండా అంచు కోసేసి, పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టి ఉంది. పక్క కుట్లూ అంతే.

"ఏందన్నా అట్ట చూస్తా ఉండావు? గుడ్డ నా కూతురు తినేసిందా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె ముఖం మారిపోయింది. "నువ్వు కూడానా అన్నా? నీ అంగడి గదా అని ఈ యేడు వేరే గుడ్డ కొనలా."

స్కర్టు మడిచి పక్కన పెట్టుకుని, రేపు రమ్మన్నాను.

ఆ వారమంతా అవే స్కర్టులు వచ్చాయి. వేరే నీలం గుడ్డ అతుకు వేసి ఇచ్చాను. వీధి చివర్నుంచే అతుకు తెలిసేది.

బావమరిదిని అడిగితే, "మిషన్ బెల్టు తెగింది, ఉండు బావా" అన్నాడు. మర్నాడు కాఫీకని పోయి పొద్దు వాలాక వచ్చాడు. ఇంట్లో అడగబోతే నా భార్య తమ్ముడి పళ్లెంలో ఇంకో ఇడ్లీ వేసి నా వైపు ఉరిమి చూసింది.

చివరికి ఒక మధ్యాహ్నం అంగడి షట్టర్ సగం దించి, దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ మడత ఏం పాపం చేసిందిరా?"

అతను తల దించుకోలేదు. ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు:

"ఏం బావా, ఒక్కో స్కర్టులో మూడేండ్లు మడిచి పెడతా ఉండావే, ఆ మూడేండ్లూ మనం ఏం కుట్టాల?"