వెనక సీటుకి వినపడేలా

మా కారుకి ఏడు సీట్లు. ఇంట్లో ఉన్నది మూడున్నర మందిమి: నేను, మా ఆయన, అత్తయ్యగారు, రెండేళ్ల మూడు నెలల పాప. అంత పెద్ద బండి ఎందుకని ఎవరైనా అడిగితే మా ఆయన దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధం. "రేపు ఎవరైనా వస్తే?" ఏడాదిగా ఎవరూ రాలేదు. చివరి వరసలో ఇప్పటిదాకా ప్రయాణం చేసినవి డైపర్ల సంచీ, రెండు బియ్యం బస్తాలు, రిపేరుకిచ్చి తెచ్చుకున్న ఒక టేబుల్ ఫ్యాను.

మేముండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన సందు. కోచింగ్ సెంటర్ల పిల్లలు అక్కడే నిలబడి టీ తాగుతుంటారు. మా బండి కనపడగానే గోడకి అతుక్కుని, టీ కప్పులు తల మీదికి ఎత్తి దారిస్తారు. మా ఆయన ఎన్నికల్లో నిలబడ్డవాడిలా వాళ్లకి చెయ్యి ఊపుకుంటూ వెళ్తాడు.

బండిలో ఎవరి చోటు వాళ్లకి ఖాయం. పాప రెండో వరస మధ్యలో, తన చిన్న సీట్లో, బెల్టులు బిగించుకుని ఉంటుంది. మధ్యలో అయితేనే క్షేమమని నేనెక్కడో చదివాను. ఫుట్‌పాత్ వైపు దిగడం తేలికని అత్తయ్యగారు పాపకి ఎడమ పక్కన. నేను కుడి పక్కన. అక్కడ కూర్చుని నేను చేసే పని ఒక్కటే, పాపతో మాట్లాడటం. "అమ్మలూ, మెట్రో చూడు. అమ్మలూ, బస్సు చూడు. అమ్మలూ, ఆ అంకుల్ హెల్మెట్ పెట్టుకోలేదు చూడు."

పాప చూసేది కాదు. పిలిస్తే ఒక్కోసారి తిరిగేది, ఒక్కోసారి తిరిగేది కాదు. తిరిగినా అటే తిరిగేది, నానమ్మ వైపు.

"నా మాటంటే దానికి ప్రాణం," అనేవారు అత్తయ్యగారు. "నువ్వు పొద్దస్తమానం అలా మొత్తుకుంటుంటే ఎవరు మాత్రం వింటారమ్మాయ్? పిల్లలకి ఒక్కసారి చెప్పాలి, అర్థమయ్యేలా చెప్పాలి."

నేను భయస్తురాలిని. ఇది ముందే ఒప్పుకోవడం మంచిది. పాప దగ్గితే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను, నాలుగు రోజులు దగ్గకపోతే అదేంటని మళ్లీ పరిగెత్తాను. ఆ క్లినిక్ రిసెప్షన్‌లో అమ్మాయి నన్ను చూశాక ఫైలు వెతకడం మానేసింది, టేబుల్ మీదే ఉంచుకుంటుంది. అందుకే "పాపకి సరిగ్గా వినపడట్లేదేమో" అని నేనన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. పిల్లల డాక్టరుగారు పాప తల వెనక రెండు చేతులూ కలిపి గట్టిగా చప్పట్లు కొట్టారు. పాప ఉలిక్కిపడింది. నేనూ పడ్డాను. "భేషుగ్గా వినపడుతోందమ్మా, మీరే కాస్త నిద్రపోండి," అన్నారాయన.

కానీ మా అపార్ట్‌మెంట్‌లో ఇదే వయసు పిల్లలు వాచ్‌మన్ మీద చాడీలు కూడా చెబుతున్నారు. మా పాప దగ్గరున్నవి నాలుగే మాటలు: అమ్మ, పాలు, వద్దు, కుక్క. అందులో సగం వాడకం "వద్దు"కే. ఒక మధ్యాహ్నం తలుపవతల కుక్కర్ ఆరు విజిల్స్ వేసినా లేవదు. ఇంకో మధ్యాహ్నం చెంచా కింద పడితే లేచి కూర్చుంటుంది. నేను ఫోన్లో ఒక లెక్క పెట్టుకున్నాను, ఏ రోజు దేనికి లేచింది, దేనికి లేవలేదు అని. మా ఆయన దాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. తర్వాత, "ఇది పాప గురించా, నీ గురించా?" అన్నాడు.

"వాడు మూడో ఏడు వచ్చాక గానీ నోరు విప్పలేదు," అన్నారు అత్తయ్యగారు, కొడుకుని చూపిస్తూ. "ఇప్పుడు చూడు, ఆపితే ఆగుతాడా?"

సరే, బండిలో పాప పాటలకి కూడా పలకదేంటని ఒకరోజు నిలదీశాను. మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అదీ! వెనక స్పీకర్లు దండగ. కంపెనీ వాళ్లు పేరుకి పెడతారంతే. ముందు కూర్చుంటే నాకు వినపడుతుంది, వెనక మీకు గుసగుసే. పాప మాత్రం ఏం చేస్తుంది?" ఆయన కొత్త స్పీకర్ల మీద మనసు పడి నాలుగు నెలలైందని నాకు తెలుసు. దానికి కూతురి చెవులు అడ్డం పెట్టుకుంటాడని మాత్రం అనుకోలేదు. అయినా ఒప్పుకున్నాను. ఒప్పందం ఇది: వెనక మంచి స్పీకర్లు పెట్టించాలి. అప్పుడు కూడా పాప సరిగ్గా తిరగకపోతే, ఇంకో మాట లేకుండా చెవుల డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్లాలి.

"తిరుగుతుంది చూడు," అన్నాడు.

తిరగాలనే నాకూ ఉంది. ఈ ఒక్క విషయంలో ఆయన గెలిచి, ఏడాది పాటు దెప్పినా పడి ఉండటానికి నేను సిద్ధం.

పంజాగుట్టలో కారు సామాన్ల షాపు. షాపంటే షట్టరు, కౌంటరు, గోడ నిండా హారన్లు. పని జరిగేది మాత్రం రోడ్డు పక్కనే. బిగించే ఆయనకి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీద, టెస్టర్ జేబులో. మా వెనక తలుపు తెరిచి, వంగి చూసి, నవ్వాడు.

"సార్, బండి తీసుకుని ఎన్ని దినాలైంది?"

"ఏడాది, భాయ్."

"మరి గీ కవర్ ఎప్పుడు తీస్తరు?"

షోరూమ్‌లో తలుపులకి అంటించి ఇచ్చిన ప్లాస్టిక్ పొర. సీట్ల మీదది కూడా మేం తీయలేదు. వేసవిలో చెమటకి అతుక్కుపోయి, లేచేటప్పుడు పరపరమని చప్పుడు చేస్తుంది. అది తీయించనిది అత్తయ్యగారు. ఆవిడ లోపల తన సీట్లోంచే తల బయటికి పెట్టారు.

"తీయకు బాబూ. తీస్తే పాతబడిపోతుంది."

"అమ్మా, మీరు స్పీకర్ నోటికి ప్లాస్టర్ వేసిండ్రు. గది ఎట్ల పాడుతది పాపం?" అంటూ ఆయన గోరుతో పొర అంచు లేపి, స్పీకర్ జాలీ మీంచి సర్రున లాగేశాడు. "చూడుండ్రి సార్, పాతవి సుత ఖరాబ్ కాలేదు. గీ కవర్ తీస్తే మస్తు వస్తది సౌండ్."

మా ఆయన కొత్త స్పీకర్ల డబ్బాని బిడ్డలా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "అయినా... తెచ్చాం కదా భాయ్. పెట్టెయ్."

నాకు మాత్రం ఒక్కసారిగా గాలి ఆడినట్టయింది. ప్లాస్టికే! పాప కాదు, ప్లాస్టిక్. అత్తయ్యగారి వల్లే తప్పు జరిగి ఉండాలని జీవితంలో మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను. మొదటిసారి కాదనుకోండి. ఇంత గట్టిగా పెట్టుకోవడం మొదటిసారి.

రెండు తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, కొత్త స్పీకర్లు బిగించి, వైర్లు కలిపేసరికి గంటన్నర పట్టింది. మేం ఎదురుగా తోపుడు బండి దగ్గర పునుగులు తిన్నాం. పాప రెండు తిని, మూడోదానికి వద్దంది.

"బేబీని లోపల కూర్చోపెట్టుండ్రి మేడం," అన్నాడు బిగించే ఆయన. "టెస్టింగ్ బేబీతోనే చేస్త."

"పాపతోనా?"

"నా చెవులు ఇరవై ఏండ్ల సంది స్పీకర్లు విని విని ఖరాబైనయి. పెద్దోళ్లను అడుగుత, సౌండ్ ఎట్లున్నది అని. అందరూ బాగుంది, బాగుంది అంటరు. పిల్లలు అబద్ధం చెప్పరు. ఎటు మోగితే అటు చూస్తరు, గంతే."

పాపని మధ్య సీట్లో బిగించాను. అత్తయ్యగారు ఎడమ, నేను కుడి. బిగించే ఆయన డ్రైవర్ సీట్లో కూర్చుని, అద్దం పాప ముఖం మీదికి తిప్పుకున్నాడు. స్క్రీన్ మీద వేలితో ఒక చుక్కని జరిపితే శబ్దం ఏ స్పీకర్ వైపు కావాలంటే అటే పోతుందట. తన పెన్ డ్రైవ్ పెట్టాడు. అందులో పాటలు లేవు. కోడి కూత, రైలు కూత, కుక్క అరుపు ఉన్నాయి.

ముందు ఎడమ వెనకది. భౌ భౌ. పాప ఎడమకి తిరిగి, అత్తయ్యగారి ఒళ్లో కుక్క కోసం వెతికింది. "కుక్క!" అంది. మా ఆయన కిటికీలోంచి నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

తర్వాత కుడి వెనకది. నా మోచేతి పక్కనే మోగాలి. భౌ భౌ. పాప ఎడమకే తిరిగింది. అత్తయ్యగారి కొంగు ఎత్తి చూసింది.

"అరె," అన్నాడాయన. "వైర్లు గడబిడ అయినట్టున్నయి. జర ఆగుండ్రి."

దిగి వెళ్లి రెండు పక్కల వైర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ చుక్క జరిపాడు. ఒకసారి మోగింది, పాప ఎడమకి చూసింది. రెండోసారి మోగింది, పాప ఎడమకే చూసింది. ఈసారి కుక్క కనపడలేదన్న కోపంతో నానమ్మ చేతి మీద కొట్టింది.

ఆయన దిగి నా వైపు తలుపు దగ్గరికి వచ్చి, స్పీకర్ మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. "సార్, గా స్క్రీన్ మీద ప్లే కొట్టుండ్రి." మా ఆయన కొట్టాడు. నాకు బాగా వినపడుతోంది. ఆయన అరచేయి కింద స్పీకర్ అదురుతూ ఉంది. పాప అటు, అత్తయ్యగారి కిటికీలోంచి బయటికి, మెడ చాచి చూస్తోంది.

ఆయన పాపని చూశాడు, నన్ను చూశాడు.

"మేడం, వైర్లు మొదలే సరిగ్గ ఉండె," అన్నాడు మెల్లగా.

"ఇంకోసారి మార్చి చూడు భాయ్," అన్నాడు మా ఆయన.

ఆయన వైర్లు మళ్లీ మొదటిలాగే కలిపాడు. మళ్లీ మోగించాడు. పాప ఎడమకే చూసింది. "ఇంకోసారి," అన్నాడు మా ఆయన. అప్పుడాయన ముందుకి వంగి సౌండ్ ఆపేశాడు. "సార్, డాక్టర్‌కి చూపియ్యుండ్రి. చిన్న పిల్ల, నయమైతది. ఫికర్ చేయకుండ్రి."

ఇన్నాళ్లూ నాతో ఫికర్ చేయొద్దని చెప్పిన వాళ్లలో, నేను చెప్పింది నిజమని నమ్మి ఆ మాటన్నది ఆయనొక్కడే. పందెం గెలిచాను. ప్లాస్టిక్ సీటుకి అతుక్కున్న చేతులు లాక్కుని పాప కుడి చెవి మీద ముద్దు పెట్టుకుని, పెట్టుకున్నట్టు దానికి తెలిసిందో లేదో అని ఏడ్చాను.

మర్నాడు పంజాగుట్టలోనే చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చెవిలో చిన్న రబ్బరు మొన పెట్టి గీతలు తీశారు. ఎడమ చెవి గీత కొండలా పైకి లేచింది. కుడి చెవి గీత మా ఆయన ముఖంలా చదునుగా ఉంది. కర్ణభేరి వెనక నీరు చేరిందట. జలుబులు తగ్గాక కూడా ఒక్కోసారి అక్కడ ఉండిపోతుందట. చప్పట్లకి ఎడమ చెవే సరిపోయింది, అందుకే ఉలిక్కిపడింది. కానీ శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియాలంటే రెండూ కావాలి. ఒక చెవే పనిచేస్తే అంతా అటు నుంచే వచ్చినట్టుంటుంది. ఎడమ చెవి దిండుకి ఆనించి పడుకున్న రోజు కుక్కర్ కాదు, మెట్రో రైలు ఇంట్లోకి వచ్చినా లేవదు.

"మూడు నెలలు చూద్దాం," అన్నారావిడ. "చాలామందికి దానంతటదే పోతుంది. పోకపోతే ఆ నీరు బయటికి రావడానికి చిన్న గొట్టం పెడతాం. అప్పటిదాకా ఎడమ పక్క నుంచి మాట్లాడండి."

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాం. అత్తయ్యగారు తన తలుపు దగ్గరికి వెళ్లలేదు. చుట్టూ తిరిగి కుడి వైపు వెళ్లి, ట్రాఫిక్ వైపు తలుపు తీసి ఎక్కడానికి అవస్థ పడుతున్నారు.

"అటెందుకు అత్తయ్యగారూ, మీకు దిగడం కష్టం."

"నేనేమన్నా ముసలిదాన్నా? నువ్వటు కూర్చో అమ్మాయ్," అన్నారు నా వైపు చూడకుండా.

మూడు నెలల తర్వాత ఆ గీత లేస్తుందో లేదో తెలియదు. ఆ భయం భయమే. కానీ ఆ రోజు మొదటిసారి పాపకి ఎడమ పక్కన కూర్చున్నాను. ఎన్నాళ్లుగా అటు చెవిలో పోసి వృథా చేసిన మాటలో, అన్నీ బాకీ ఉన్నాయి. మెట్రో చూడు అన్నాను, చూసింది. బస్సు చూడు అన్నాను, చూసింది. నా గొంతు పక్కనే ఉందని కనిపెట్టి నా ముఖంలోకే చూడటం మొదలెట్టింది. ఇంక నేనాగలేదు. పంజాగుట్ట ఫ్లైఓవరు, చీర కట్టుకున్న షాపు బొమ్మ, స్కూటర్ మీద నలుగురు, హెల్మెట్ లేని అంకుల్, ఆ అంకుల్‌కి పోలీసులు ఏం చేస్తారు, అసలు అంకుల్స్ ఎందుకలా ఉంటారు, అన్నీ చెప్పాను. ముందు సీట్లో మా ఆయన కొత్త స్పీకర్ల సౌండ్ పూర్తిగా తగ్గించేశాడు.

అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పాప బెల్టుల్లోంచి చెయ్యి సాచి, నిన్నటి పునుగుల వాసన ఇంకా పోని ఆ చిన్న అరచేతిని నా నోటి మీద గట్టిగా అదిమింది.

"వద్దు," అంది.