మంచం కింద దాచిన గొంతు

మా బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంటర్నెట్ అంటే ఆయనకు బొత్తిగా నమ్మకం లేదు. "ఈరోజు ఉన్న వీడియో రేపు ఉంటుందని గ్యారంటీ ఏంటి మరదలా?" అంటూ నచ్చిన ప్రతిదాన్నీ ఇంట్లోకి దింపుకునేవాడు. మంచం కింద ఒక పాత కంప్యూటరు, అందులో నానా తంటాలూ పడి ఎక్కించుకున్న సాఫ్ట్‌వేరు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఏదైనా మాట టైపు చేస్తే, ఏ వీడియోలో ఎవరు ఆ మాట అన్నారో వాక్యంతో సహా చూపిస్తుంది. నొక్కితే అక్కడినుంచే మొదలవుతుంది. ఆ పెట్టె రొదకు నిద్ర పట్టక అక్క తిట్టిపోసేది. మహానుభావుడు వింటేగా!

అక్క కుట్టుపని పాఠాలు చెప్పి నెట్‌లో పెట్టేది. బావ వాటినీ ఆ పెట్టెలోకి దింపుకునేవాడు. మధ్యమధ్యలో పాకుతూ వచ్చే కూతుర్ని కసురుకునేది కూడా: "చిట్టీ, కత్తెర ముట్టుకున్నావో, వీపు విమానం మోత మోగుతుంది!" జనం పాఠాలకంటే ఆ తిట్ల కోసమే ఎక్కువ చూసేవాళ్లని నా అనుమానం.

చిట్టికి రెండేళ్లు నిండకముందే అక్కకు గొంతులో పుండు బయటపడింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది. అక్క గొంతంటూ మిగిలింది ఆ వీడియోల్లోనే.

"కొత్త పాఠాలు ఎప్పుడు?" అని అడిగేవాళ్లకు జవాబు రాయలేక విసిగిపోయి, పోయిన నెల అక్క తన ఛానల్ మొత్తం తీసేద్దామనుకుంది. ముందు పలక మీద బావను అడిగింది, "మన దగ్గర ఉన్నాయి కదా?" అని.

"భేషుగ్గా ఉన్నాయి. నువ్వు నిశ్చింతగా తీసెయ్" అన్నాడు బావ.

అసలు చిక్కు అక్కడే ఉంది. అక్క ఒక పాఠం పెట్టేది, నచ్చక తీసేసేది, మళ్లీ చేసి పెట్టేది. ఇంట్లో రెండేసి కాపీలు పేరుకుపోతున్నాయని బావ అప్పట్లో ఆ సాఫ్ట్‌వేరుకు ఓ ఏర్పాటు చేశాడు: అక్కడ తీసేసినవి ఇక్కడా తీసెయ్ అని. ఆ సంగతి ఈయన మర్చిపోయాడు. అది మర్చిపోలేదు. అక్క ఛానల్ తీసేసిన రాత్రి, తెల్లారేసరికల్లా ఆ పెట్టె పాఠాలన్నీ చెరిపేసి, ఖాళీ అయిన చోట బావ దింపుకోవడానికి వరసలో పెట్టుకున్న లిఫ్టు వీడియోలు నింపేసింది. రిపేరు షాపతను చూసి, "వాటిమీద వేరేవి ఎక్కేశాయండీ, ఇక రావు" అని తేల్చేశాడు. పాఠాలు తీసిన ఫోను ఎప్పుడో పగిలిపోయింది.

నా ఒళ్లు మండిపోయింది. "కొంప ముంచావు కదా బావా! లోకాన్ని నమ్మనన్నవాడివి, నీ బుర్రను ఎలా నమ్మావయ్యా?" అని అరిచాను. చాల్లే అన్నట్టు అక్క చెయ్యెత్తింది. దాంతో ఇంకా మండింది. ఆవిడకు అరిచే వీలు లేదు, ఆవిడ వంతు కూడా నేనే అరవాలి కదా!

వీడియోలు పోయినా, వెతకడానికి ఆ పెట్టె దాచుకున్న మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. నిన్న అక్క దాని ముందు కూర్చుని "చిట్టీ" అని టైపు చేసింది. తెర నిండా వాక్యాలు వచ్చాయి. ఒక్కోదాన్నీ నొక్కుతూ పోయింది. అన్నిటికీ ఒకటే జవాబు, ఫైలు లేదని. ఈమధ్యే చదవడం నేర్చిన చిట్టి పక్కన నిలబడి, కూడబలుక్కుంటూ ఒకటి పైకి చదివింది: "చిట్టీ... ఇంకొక్క కుట్టు... అయిపోయింది బంగారం... వచ్చేస్తున్నా."

"ఇది నాతోనేనా అమ్మా? ఎలా అన్నావు? ఒక్కసారి అనవూ?"

అక్క నోరు తెరిచింది. బావ లేచి బయటికి వెళ్లిపోయాడు.