గ్లోబు మీద దారం

తొంభైల్లో ఒకసారి కాకినాడ నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు అశోక్ నగర్‌లో ఒక పుస్తకాల షాపుకి వెళ్లాను. అక్కడ ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అమ్మాయి, పక్కనే సిమెంటు మరకల చీరలో వాళ్లమ్మ నిలబడి ఉన్నారు. పాలమూరు నుంచి కూలి పనికి వచ్చిందట ఆవిడ.

నేను భూగోళం మాస్టారినని తెలిసి ఆ అమ్మాయి అడిగింది.

“సార్, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరి తొవ్వ ఏది?”

గోడ మీది మ్యాపులో వేలితో గీత గీసి, “జపాన్, పసిఫిక్ మీదుగా” అన్నాను.

“కాదు సార్” అంటూ షాపులోని గ్లోబు మీద దారం బిగించి పట్టింది. దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది. దాన్ని స్కేలుతో కొలిచి, “పన్నెండు వేల కిలోమీటర్ల పైనే. విమానం ఆగకుంటే పద్నాలుగు గంటలైతది” అంది.

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ముఖం వేడెక్కింది.

“నా బిడ్డ చెప్పింది సరైందేనా సారూ?” అంది తల్లి.

“సరైందేనమ్మా. నేనే తప్పు చెప్పాను.”

దిష్టి తగులుతుందని మా అమ్మ నలుగురిలో నన్నెప్పుడూ పొగడనిచ్చేది కాదు. ఈవిడ మాత్రం షాపంతా ఒకసారి చూసింది.

“గా మాట జర గట్టిగ చెప్పుండ్రి సారూ, అందరికి వినపడాలె.”

గొంతెత్తి మళ్లీ చెప్పాను.