కరిగిపోయిన కోల్‌కతా లోడు

లారీడు ఐసును ఎండ సాయం లేకుండా, కేవలం చదువుతో కరిగించవచ్చు. ఈ సంగతి లోకానికి నిరూపించినవాణ్ణి నేనే. గొప్పగా చెప్పుకునే విషయం కాదు గనక నెమ్మదిగా చెబుతాను.

భవానీపురంలో మా వీధి చివర నాంచారమ్మగారికి చేపల ప్యాకింగ్ షెడ్డు ఉండేది. కొల్లేరు చేపలను ఐసు పెట్టెల్లో సర్ది కోల్‌కతా పంపేవారు. ఏ పెట్టెలో ఎవరి చెరువు చేప, ఎంత బరువు అన్నది పెట్టె మీదే రాసేవారు. అప్పుడే ఇంజనీరింగు ముగించిన నాకు అది అనాగరికంగా తోచింది.

"రాతలెందుకండీ, నంబరొకటి చాలు. మిగతాదంతా కంప్యూటరు చెబుతుంది" అన్నాను. ఆవిడ నమ్మి, పెట్టెల మీద నంబర్లు మాత్రమే వేయించారు. అంత నమ్మకం ఆరోగ్యానికి మంచిది కాదు.

కంప్యూటరు జ్ఞాపకం కూడా చేపల షెడ్డు లాంటిదే. చేతి పక్కన చిన్న బుట్ట. కాస్త అవతల ఐసు పెట్టె. ఎక్కడో దూరాన కోల్డ్ స్టోరేజీ. అంత దూరం వెళ్లినప్పుడు గంపెడు తెచ్చుకోవాలి. నేనేమో ఒక్కో చేపను ఒక్కో మూల పెట్టి, దాని నోట్లో తరువాతి చేప చిరునామా కుక్కినట్టు ప్రోగ్రాం రాశాను. కాగితం మీద మహా అందంగా ఉండేది. నా కొత్త ల్యాప్‌టాప్‌లో పది పెట్టెలతో పరీక్షిస్తే రెప్పపాటులో జవాబు వచ్చింది. రాదూ మరి? పదీ బుట్టలోనే ఉన్నాయి.

షెడ్డులోది ముసలి కంప్యూటరు. దాని బుట్ట బహు చిన్నది. నా ప్రోగ్రాంతో మొదటి లోడు పంపాల్సిన పొద్దున, పాత సంవత్సరాల వివరాలన్నీ అందులోకి ఎక్కించాను. ఇక అడుగడుగుకూ కోల్డ్ స్టోరేజీ ప్రయాణమే. తెచ్చేది ఒక్క చేప.

లారీ వచ్చి నిలబడింది. ఏ నంబరు పెట్టెలో ఏముందో జాబితా లేనిదే కోల్‌కతా వ్యాపారి సరుకు ముట్టడు. గుమాస్తా బాషాగారు మీట నొక్కారు.

"తిరుగుతా ఉందండీ."

"ఏం తిరుగుతుందయ్యా?" అన్నారు నాంచారమ్మగారు.

"తెర మీద చక్రమండీ."

"తిరగాల్సింది లారీ చక్రం గదా!"

"వెతుకుతోందండీ" అన్నాను వినయంగా.

"చేపలు ఇక్కడే ఉన్నాయి గదా బాబూ. దేన్ని వెతుకుతుంది?"

నా దగ్గర సాంకేతికమైన సమాధానం ఉంది. ఆవిడ చేతిలో ఐసు కొట్టే సుత్తి ఉంది.

మళ్లీ ఐసు పోయించారు. అదీ కరిగింది. నీళ్లు నా చెప్పుల దాకా వచ్చాయి. "ఇంక నావల్ల కాదమ్మా, వేరే లోడు చూసుకుంటా" అని డ్రైవరు బండి తీశాడు. ఆవిడ కోల్‌కతాకు ఫోను చేసి, "ఇయాళ లోడు లేదండీ" అని ఒక్క ముక్క చెప్పారు. ఆ మాట ఆవిడ నోట అదే మొదటిసారని బాషాగారు నా చెవిలో అన్నారు. పెట్టెలన్నీ ఆటోల్లో ఊళ్లో బజార్లకు వెళ్లాయి, వచ్చినకాడికి అమ్ముకోవడానికి.

చివరి ఆటో మలుపు తిరిగాక ప్రింటరు గర్జించింది. జాబితా వచ్చింది. ఒక్క తప్పు లేదు. చేపలే లేవు.

నాంచారమ్మగారు దాన్ని నా చేతికిచ్చారు. "ఐసులో పెట్టుకో బాబూ, చెడిపోద్ది."

తరువాత, ఒకే లారీకి ఎక్కే పెట్టెల వివరాలను పక్కపక్కన చేర్చి, ఒక్క ప్రయాణంలో గంపెడు వచ్చేలా తిరగరాశాను. లారీ వేళకు కదిలింది. అయినా ఆవిడ పెట్టెల మీద మళ్లీ వివరాలు రాయిస్తూనే ఉన్నారు.

కనుక కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ ప్రోగ్రామునూ నా మంచి ల్యాప్‌టాప్‌లో చూసి మురిసిపోను. ఊళ్లోకెల్లా నీరసమైన కంప్యూటరు ముందు, గిన్నెలో ఐసుముక్క పెట్టుకుని కూర్చుంటాను. అది కరిగేలోపు జవాబు రాకపోతే, ఆ నీళ్లు తాగి మొదటినుంచి మొదలుపెడతాను.