మైల నీళ్ళు

మా బాబాయి రాజమండ్రిలో తన ఇంటి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నారు. అందులో చేపలతోపాటు బతికున్న పగడాలు కూడా ఉండేవి. ఉప్పు కొలిచే మీటరు ఉన్నా, రోజూ పొద్దున్నే ఒక చుక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని తల ఊపేవారు.

"నా పప్పులో ఉప్పు చూడమంటే మాత్రం పేపరు దించరు," అనేది పిన్ని.

"నీ పప్పు పాడైతే పెరుగు పోసుకుంటాం. వీటికి ఆ దారి లేదు కదే," అనేవారాయన.

ఆస్పత్రిలో చేరాక తన జబ్బు గురించి ఎవరినీ అడగలేదు. "ఆ నీళ్ళు జాగ్రత్తగా చూసుకో," అని మాత్రం పిన్నికి చెప్పారు. ఆమె మీటరు చూడటం నేర్చుకుంది. ఆయన పోయేనాటికి ఒక్క చేప కూడా చావలేదు.

పదకొండో రోజు పిన్నినీ నన్నూ కర్మకి గోదావరి రేవుకి తీసుకెళ్ళారు. చావు జరిగిన ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ మైలేనని బాబాయి అక్క, మా పెద్దత్తయ్య, బిందెలూ బకెట్లూ పారబోయించింది. అక్వేరియం కూడా ఖాళీ చేయించి, కుళాయి నీళ్ళు నింపించింది. మేం తిరిగొచ్చేసరికి చేపలు పక్కకి ఒరిగి తేలుతున్నాయి.

"అవి ఉప్పునీళ్ళలోనే బతుకుతాయత్తయ్యా!" అన్నాను.

"కుళాయిలో వచ్చేవీ గోదావరి నీళ్ళేగా, విషం కాదుగా," అందావిడ.

భోజనాల దగ్గర బంధువులు అటు చూసి చేతులు జోడించారు. "యజమాని వెనకే వెళ్ళిపోయాయి! మూగజీవాలకి ఎంత విశ్వాసమండీ!"

లోపలి గదిలో ఉన్న పిన్ని ఆ మాట విని నావైపు చూసింది.

"నిన్న సాయంత్రం కూడా మేత తిన్నాయిరా అవి," అంది.